42వ రోజు: దీక్షలో ఉండగా ఆసుపత్రికి వచ్చిన ఒక మనిషి కేసు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో నేను సర్టిఫైడ్ పీర్ రికవరీ స్పెషలిస్ట్‌గా పూర్తికాలం ఉద్యోగం చేస్తున్నాను. ఒకప్పుడు మద్యానికి లొంగిపోయి, దాని నుంచి కోలుకున్న మనిషి అదే స్థితిలో ఉన్న మరొకరికి తన అనుభవంతో తోడు నిలవడమే ఈ ఉద్యోగం. మేము డాక్టర్లం కాము, కౌన్సెలర్లం కాము. రోగ నిర్ధారణ చేసే అధికారం గాని, మందులు రాసే అధికారం గాని మాకు లేదు. మద్యం మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘంలో స్పాన్సర్ చేసే సేవకూ మా పనికీ పోలిక కనిపిస్తుంది. అయితే స్పాన్సర్ జీతం లేకుండా, తాను నడిచిన 12 మెట్ల దారిలో మరొకరిని నడిపిస్తాడు; మేము క్లయింటు ఎంచుకున్న దారి ఏదైతే ఆ దారిలో తోడు వెళ్తాం, సూపర్‌వైజర్ పర్యవేక్షణలో పనిచేస్తాం, చేసినదంతా ఫైలులో రాస్తాం. 1999లో జార్జియా రాష్ట్రం ఇలాంటి సేవకు, మొదట మానసిక ఆరోగ్య రంగంలో, మెడికెయిడ్ అనే, పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. 2007 ఆగస్టులో ఫెడరల్ ప్రభుత్వం అన్ని రాష్ట్రాల మెడికెయిడ్ శాఖలకు రాసిన లేఖలో, ఈ పని చేసేవారికి శిక్షణ, సర్టిఫికేషన్, పర్యవేక్షణ ఉండాలనీ, వారి పని చికిత్స ప్రణాళికతో ముడిపడి ఉండాలనీ షరతులు పెట్టింది. మా రాష్ట్రంలో 72 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం, ఆపైన ఒక పరీక్ష ఉంటాయి. వీటన్నిటికంటే ముందు, అభ్యర్థి తాను కోలుకున్న మనిషై ఉండాలి.

ఇక్కడ రాస్తున్న కేసు ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుది. రాయడానికి ఆయన రాతపూర్వకంగా అంగీకరించారు, ముందుగా చదివి చూశారు, కొన్ని వాక్యాలు తీసేయమన్నారు, తీసేశాను. ఆయనను గుర్తుపట్టగలిగిన వివరాలన్నీ మార్చాను. మన వాళ్లలో ఎంతోమంది మగవాళ్లు ఏటా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మద్యం ముట్టరు. ఆ 41 రోజులకూ రోగానికీ ఉన్న సంబంధం గురించి మన భాషలో రాసినవారు నాకు కనిపించలేదు కాబట్టి, ఈ కేసును తెలుగులోనే రాయాలనుకున్నాను.

నవంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం ఎమర్జెన్సీ విభాగం నుంచి నాకు ఫోన్ వచ్చింది. నలభై దాటిన మనిషి, నల్ల బట్టలు, మెడలో మాల. ఇంట్లో ఆఫీసు మీటింగులో ఉండగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. తలకు సీటీ స్కాన్ తీయాలి, మెడలోని మాలకు ఇత్తడి డాలరు ఉంది, దాన్ని తీయబోతే చేయి పట్టుకుని ఆపుతున్నారు. అర్థాలు చెప్పడానికి ఆసుపత్రిలో ఫోన్ మీద దుబాసీ ఉంటారు, ఉండాలి కూడా. వైద్య విషయాలకు పీర్‌ను దుబాసీగా వాడుకోవడం సరైన పద్ధతి కాదని నేను అప్పుడే నర్సుకు గుర్తుచేశాను. ఆమె నన్ను పిలిచింది భాష కోసం మాత్రమే కాదు, ఆ మాల అంటే ఏమిటో తెలిసిన మనిషి కోసం.

నేను మంచం పక్కన నిలబడి "స్వామీ శరణం" అన్నాను. ఆయన కళ్లు తెరిచి, తడబడుతూనే "స్వామియే శరణమయ్యప్ప" అన్నారు. దీక్షలో ఉన్నవారిని వయసుతో, ఉద్యోగంతో, కులంతో నిమిత్తం లేకుండా స్వామీ అని పిలుస్తాం. ఆ పిలుపు దొరకకపోతే, సార్ అని మొదలుపెట్టి రెండు వారాలు బయటే నిలబడి ఉండేవాణ్ని. మాలను ఒంటి మీద నుంచి తీయకుండా మెడలోంచి మణికట్టుకు మార్చి చుట్టవచ్చా అని మొదట ఆయనను అడిగాను, తర్వాత టెక్నీషియన్‌ను అడిగాను. ఇద్దరూ సరేనన్నారు. స్కాన్‌లో ఏమీ లేదు.

అసలు సంగతి డాక్టర్లు అడిగిన ప్రశ్నలతో బయటపడింది. శనివారం రాత్రి పదకొండు గంటల వరకు ఆయన తాగారు. ఆదివారం తెల్లవారుజామున తలస్నానం చేసి గుడిలో మాల వేసుకున్నారు. సోమవారం ఉదయం చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. చన్నీటి స్నానం పడలేదేమోననుకున్నారు. చివరి డ్రింకు తర్వాత సుమారు 36 గంటలకు ఫిట్స్ వచ్చింది. ఎక్కువగా, రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లో ఎక్కువగా ఉంటుంది. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే, ప్రాణం తీయగల స్థితి రావచ్చు. అందుకే ఆయనను ఐదు రోజులు వార్డులో ఉంచి, వణుకునూ చెమటనూ కంగారునూ అంకెల్లో కొలుస్తూ లోరాజెపామ్, విటమిన్ బి1 ఇచ్చారు.

రెండో రోజు తెలివిగా ఉన్నప్పుడు ఆయన అనుమతి తీసుకుని మాట్లాడాను. అప్పుడు ఆయన అన్న మాట నా నోట్‌బుక్‌లో ఉంది: "స్వామీ, నాకు వ్యసనమే ఉంటే ఐదేళ్లుగా ప్రతి సంవత్సరం 41 రోజులు ఎలా మానగలిగాను?"

ఈ ప్రశ్న నేను కూడా అడిగినదే. హైదరాబాద్‌లో ఉండగా రెండుసార్లు, ఇక్కడికి వచ్చాక ఒకసారి మాల వేసుకున్నాను; మూడుసార్లూ దీక్ష నిష్ఠగా సాగింది, మూడుసార్లూ విరమించిన వారంలోపే సీసా తెరిచాను, 41 రోజులు ఉండగలిగిన వాడికి జబ్బు ఎక్కడిదని భార్యతో వాదించాను. ఆయనకు నా సంగతి అంతవరకే, మూడు వాక్యాల్లో చెప్పాను. పీర్ తన కథ చెప్పడం ఎదుటివారికి తలుపు తెరవడానికే. నా కథ పొడిగిస్తే ఆ గది నాదైపోతుంది, మంచం మీద ఉన్న మనిషిది కాకుండా పోతుంది.

ఐదేళ్లలో మారినదేమిటో ఆయన చేతే లెక్క వేయించాను. మొదటి మాల నాటికి వారాంతాల్లో నాలుగైదు పెగ్గులు. ఈసారి 750 మిల్లీలీటర్ల విస్కీ సీసా రెండు రోజులు కూడా రావడం లేదు. అమెరికాలో 14 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింకుగా లెక్కిస్తారు; ఆ సీసాలో అలాంటివి 17 ఉంటాయి. సీసాలు గ్యారేజీలో, పిల్లల పాత సైకిళ్ల వెనక ఉండేవి. మానడం, మళ్లీ మొదలుపెట్టడం పదేపదే జరిగిన కొద్దీ విత్‌డ్రాయల్, అంటే తాగుడు ఆపినప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్ లాంటివి, ముదురుతుందని డాక్టరు ఆయనకు వివరించారు. దీక్ష పవిత్రతను తక్కువ చేసే మాట ఇందులో ఏదీ లేదు. రోజూ తాగుతున్న మనిషి మాల వేసుకునే ముందు డాక్టరును కలవకపోతే ఆ మొదటి నాలుగు రోజులు ప్రాణానికి ముప్పు అని, ఈ ఒక్క మాట ప్రతి గురుస్వామికీ తెలిసి ఉంటే బాగుండునని మాత్రం గట్టిగా అనుకుంటాను.

డిశ్చార్జి అయ్యాక ఇంటెన్సివ్ అవుట్‌పేషెంట్ చికిత్సలో చేరారు: వారానికి మూడు సాయంత్రాలు, రోజుకు మూడు గంటలు. ఫిట్స్ వచ్చినందున ఆరు నెలలు కారు నడపవద్దన్నారు. ఈ దేశపు శివార్లలో కారు లేని మనిషి చికిత్సకు వెళ్లలేడు, పాలు తెచ్చుకోలేడు. ఉద్యోగం సంగతి మరొక భయం. చికిత్స కోసం ఏడాదికి 12 వారాల వరకు జీతం లేని సెలవు ఇచ్చే ఫెడరల్ చట్టం 1993 నుంచి ఉంది. అయితే దానికి కనీసం 50 మంది ఉన్న కంపెనీలో 12 నెలల సర్వీసు, 1,250 గంటల పని ఉండాలి. తాగి సెలవు పెట్టడానికి ఆ చట్టం రక్షణ ఇవ్వదు, చికిత్సకు ఇస్తుంది. ఆ ఫారాలు ఎవరికి ఇవ్వాలో, అందులో జబ్బు పేరు మేనేజరుకు తెలియకుండా ఎలా ఉంచవచ్చో మేమిద్దరం కూర్చుని తెలుసుకున్నాం. వీసా గురించి అడిగినప్పుడు మాత్రం ఇమిగ్రేషన్ లాయరును కలవమన్నాను, తెలిసినట్టు ఒక్క మాట కూడా అనలేదు. మనవాళ్లు నలుగురు కూర్చుంటే వీసా సలహాలు ఉచితంగా దొరుకుతాయి; వాటివల్ల పాడైనవారిని చూశాను.

కారు సమస్యను తీర్చింది ఆయన దీక్షా బృందమే. ఆయన అంగీకార పత్రం మీద సంతకం చేశాక గురుస్వామితో మాట్లాడాను. పెద్దాయన, గుంటూరు వైపు మనిషి, అంతా విని కాసేపు ఊరుకుని, "మాత్రలు వేసుకుంటే దీక్షకు భంగమేమీ లేదు, ఆయనను ఎవరు ఎక్కడికి తీసుకెళ్లాలో మాకు వదిలేయండి" అన్నారు. చికిత్స ప్రోగ్రాంలోని డాక్టరు తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. తెల్లవారుజామున లేవడం, చన్నీటి స్నానం, పూజ, రాత్రి అందరూ కలిసి చేసే భజన, భిక్ష, నేల మీద పడక: ఆయన రోజులో ఖాళీ గంట లేదు. సెలవులో ఉన్న మనిషికి అంతకంటే మంచి దినచర్యను నేను రాసి ఇవ్వలేను. కోలుకోవడానికి మనిషికి ఉన్న ఆస్తిని, అంటే ఆరోగ్యం, ఇల్లు, తోడు, జీవితానికి ఒక పని అన్నవాటిని మేము పది ప్రశ్నలతో కొలుస్తాం. 10 నుంచి 60 వరకు వచ్చే ఆ లెక్కలో 47 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే నిలదొక్కుకునే అవకాశం మెరుగని పరిశోధకులు చెబుతారు. డిసెంబరు మొదటి వారంలో ఆయనకు 39 వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడు వారాలకు అది చాలా మంచి అంకె. నేను సంతోషపడ్డాను.

ఆ సంతోషంలోనే నా తప్పు ఉంది. ఆ 39లో సగం మాలది. మాల విరమించిన రోజున ఆ సగం ఒక్కసారిగా పోతుందని, మూడుసార్లు అనుభవించిన నాకు, అందరికంటే ముందు తెలిసి ఉండాలి. మేము కలిసి రాసుకున్న ప్రణాళికను ఇప్పుడు తీసి చూస్తే 41వ రోజు వరకు ప్రతి గంటా నిండి ఉంటుంది; 42వ రోజు కింద "పరిస్థితిని బట్టి" అని నా చేతిరాతలో ఉంది.

డిసెంబరు నెలాఖరులో ఇరుముడి కట్టుకుని, మేరీల్యాండ్‌లోని గుడిలో నెయ్యభిషేకం చేయించి, మాల విరమించారు. నేను కొత్త సంవత్సరానికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. తోటి స్వాములు మళ్లీ మామూలు మనుషులై ఎవరి ఉద్యోగాలకు వారు వెళ్లిపోయారు. తెల్లవారుజామున ఫోన్ చేసి లేపేవాళ్లు లేరు. చికిత్స ప్రోగ్రాం కూడా సెలవుల వల్ల రెండు సాయంత్రాలు జరగలేదు. ఎవరింట్లోనో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకునే విందు) జరిగితే, "దీక్ష అయిపోయిందిగా, ఇంకేంటి?" అని ఒకరు గ్లాసు చేతికిచ్చారు. ఆ ఇచ్చినవారికి ఏమీ తెలియదు. దానికి రెండు రోజుల ముందు నుంచే ఆయన మాత్ర మానేశారని తర్వాత చెప్పారు.

జనవరి 3న రాత్రి పదకొండున్నరకు నా సొంత ఫోన్ మోగింది. ఆ నంబరు ఆయనకు నేనే ఇచ్చాను, ఇవ్వకూడదు. "అన్నా, మళ్లీ మొదలైంది" అన్నారు. మా సంస్థ నియమం ప్రకారం అర్ధరాత్రి ఒంటరిగా క్లయింటు ఇంటికి వెళ్లకూడదు. 24 గంటలూ పలికే లైనుకు కలపాలి, అవసరమైతే 911కు ఫోన్ చేయాలి. నేను కారు తీసుకుని వెళ్లాను. మూడు రోజులుగా తాగుతున్నారు కాబట్టి ఒక్కసారి ఆపితే మళ్లీ ఫిట్స్ వస్తుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లాను. తెల్లవారేవరకు అక్కడే కూర్చున్నాను. ఆయనకు ఏమీ కాలేదు. ఉదయం ఎనిమిదికి సూపర్‌వైజర్‌కు అంతా చెప్పాను.

ఆమె కోప్పడలేదు. ఆమెకు కూడా కోలుకున్న అనుభవం ఉంది, నాకంటే పదేళ్లు ఎక్కువ. రెండే ప్రశ్నలు అడిగారు: నీ సొంత రికవరీ మీటింగుకు వెళ్లి ఎన్ని రోజులైంది? ఈ మనిషి తాగడం మొదలుపెడితే నువ్వు ఓడిపోయినట్టు ఎందుకు అనిపిస్తోంది? మొదటిదానికి జవాబు ఐదు వారాలు. దానికి ఒక కారణం ఉంది. నేను ఏళ్లుగా వెళ్తున్న సోమవారం మీటింగుకు డిసెంబరులో ఆయన కూడా రావడం మొదలుపెట్టారు. క్లయింటు కూర్చున్న గదిలో నేను నా మనసు విప్పి మాట్లాడలేను, ఆయనను రావద్దనే హక్కు నాకు లేదు. నేనే తప్పుకున్నాను, మరో మీటింగు వెతుక్కోలేదు. ఈ ఉద్యోగంలో వారానికి 40 గంటలు రికవరీ గురించే మాట్లాడతాం. ఇరవై మందికి పైగా క్లయింట్లు, మెడికెయిడ్ ఉన్నవారికి ప్రతి 15 నిమిషాలకూ లెక్క, సాయంత్రం నోట్లు రాసేసరికి రికవరీ అన్న మాట వినాలని కూడా ఉండదు. ఆ 40 గంటలు నా రికవరీ కింద జమ కావు. ఈ సంగతి శిక్షణలో చెప్పారు, పరీక్షలో రాశాను, జనవరిలో నేర్చుకున్నాను.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమైంది. మాలలో ఉన్నన్నాళ్లూ ఆయన నన్ను గురుస్వామి తర్వాత గురుస్వామిలా చూశారు, ఒకసారి పాదాలకు నమస్కరించబోయారు కూడా. నేను ఆపాను గానీ, ఆ గౌరవం నాకు నచ్చింది. పీర్ అన్న మాటకు తోటివాడు అని అర్థం. నేను ఒక మెట్టు పైన నిలబడ్డాను, కాబట్టే తాగిన మొదటి రోజున నాకు చెప్పడానికి ఆయన సిగ్గుపడి మూడో రోజు దాకా ఆగారు. ఇది నా ఊహ కాదు, ఆయనే అన్నారు.

ఆయన భార్య గురించి కూడా రాయాలి. డిసెంబరు మధ్యలో ఒక ఇండియన్ స్టోరులో, కరివేపాకు దగ్గర, ఆమె నన్ను గుర్తుపట్టి "అన్నయ్యా, ఆయన నిజంగానే మానేశారా? నాకేమీ చెప్పరు" అని అడిగింది. అప్పటికి నా దగ్గర ఉన్న సంతకం గురుస్వామితో మాట్లాడటానికే, భార్యతో కాదు. వ్యసన చికిత్స రికార్డుల గోప్యతకు అమెరికాలో 1970ల నుంచి ప్రత్యేక ఫెడరల్ నియమం ఉంది. దాని ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఒక మనిషి మా దగ్గరకు వస్తున్నాడన్న సంగతిని సైతం అవుననీ కాదనీ అనకూడదు. "అమ్మా, నేను ఎవరి గురించీ మాట్లాడలేను, మీకు మాట్లాడే మనిషి కావాలంటే మా దగ్గర ఒక అక్క ఉన్నారు, నంబరు ఇస్తాను" అన్నాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, నంబరు తీసుకోకుండా వెళ్లిపోయింది. నియమం ఎందుకుందో నాకు తెలుసు. మన సమాజం చిన్నది, ఒక స్టోరులో అన్న మాట మరుసటి వారానికి విజయవాడ చేరుతుంది. నేను ఒక్కసారి నోరు జారితే ఆ తర్వాత ఏ తెలుగువాడూ నా తలుపు తట్టడు. ఆ రోజు మాత్రం బండిలో కూర్చుని చాలాసేపు కదలలేకపోయాను. ఫిబ్రవరిలో ఆయన ఆమె పేరు మీద అంగీకారం ఇచ్చాక, మా సహోద్యోగిని ఆమెను కలిశారు, తర్వాత ఆమె తాగుడుకు లోనైనవారి కుటుంబసభ్యుల కోసం ఉన్న అలనాన్ సమావేశాలకు వెళ్లడం మొదలుపెట్టింది.

జనవరి తర్వాత పద్ధతి మార్చాం. ఆయన్ను మరో పీర్‌కు అప్పగించాలా అని సూపర్‌వైజర్, ఆయన, నేను ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆయన నన్నే ఉండమన్నారు, ఫోన్ పని వేళల్లోనే, ఆఫీసు నంబరు మీదే అన్న షరతుతో. ఆయన సోమవారం మీటింగు ఆయనకే ఉంచి, నేను పొరుగు కౌంటీలో గురువారం మీటింగు చూసుకున్నాను. మాల ఇచ్చిన వాటిలో ఏవేవి మాల లేకుండా ఉండగలవో ఆయనే జాబితా రాశారు. తెల్లవారుజామున లేవడం ఉండగలదు. చన్నీటి స్నానం అక్కర్లేదు. భజన లేదు, కానీ ఇద్దరు స్వాములు వారానికి ఒకసారి కలిసి నడవడానికి ఒప్పుకున్నారు. వారిలో ఒకరు తానూ తాగుడు తగ్గించుకోవాలనుకుంటున్నానని నెల తర్వాత ఆయనతో అన్నారు. నేల మీద పడక గురించి రాసి కొట్టేశారు. ఎవరైనా గ్లాసు ఇస్తే చెప్పడానికి ఒక వాక్యం కావాలన్నారు. దీక్షలో "మాలలో ఉన్నాను" అంటే ఎవరూ మరో మాట అనరు. మాల లేనప్పుడు తెలుగులో అంత బలమైన వాక్యం లేదు. చాలా ప్రయత్నించాక "నాకు పడదు, డాక్టరు వద్దన్నారు" దగ్గర ఆగాం. అది నిజం కూడా.

జూన్‌లో నాన్నగారికి బాగాలేక ఇండియా వెళ్లివచ్చే విమానంలో తాగారు. ఈసారి దిగిన రోజే ఫోన్ చేశారు, మధ్యాహ్నం రెండు గంటలకు, ఆఫీసు నంబరుకు. ఒక్కరోజుతో ఆగింది.

మళ్లీ నవంబరు వచ్చింది. మాల వేసుకోవాలా వద్దా అని నన్ను అడిగారు. నేను చెప్పలేదు, డాక్టరును, గురుస్వామిని, భార్యను అడగమన్నాను. వేసుకున్నారు, మాత్ర మానలేదు. విరమణకు పది రోజుల ముందు నా ముందు ఒక కాగితం పెట్టారు. 42వ రోజు నుంచి 60వ రోజు దాకా గడులు గీసి, ఒక్కొక్క గడిలో ఎవరిని కలవాలో, ఎన్ని గంటలకో రాసుకున్నారు. 42వ రోజు గడిలో ఉదయం ఆరున్నరకు నడక, సాయంత్రం మీటింగు ఉన్నాయి. నా పేరు 45వ రోజున, పని వేళల్లో, అరగంట ఉంది.

జనవరి చివర పది ప్రశ్నల లెక్క 48. మార్చిలో ఆయన కోరిక మేరకు ఫైలు మూసేశాం. చివరి సమావేశానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఇప్పటికీ అప్పుడప్పుడు గ్యారేజీలో సైకిళ్ల వెనక చూస్తుంటానని ఆమె ఆయన ఎదుటే చెప్పింది. ఆయన తల దించుకుని, "చూడు, చూసినప్పుడల్లా నాకు చెప్పక్కర్లేదు" అన్నారు.